వేడెక్కేదాకా ఆగు

ఫిబ్రవరి 9

మంచు మోకాళ్ల దాకా. వీధి చచ్చినట్టు పడి ఉంది. చికాగోలో ఈ నెల కాల్పులు తగ్గాయని టీవీలో ఎవడో తన గొప్పలా చెప్పుకున్నాడు. తగ్గక ఏం చేస్తాయి? ఈ చలిలో తుపాకీ పట్టుకోవాలంటే ముందు గ్లవ్స్ విప్పాలి.

ఎదురింటి పర్విస్ గారు కారు కోసం మంచు తవ్వుకున్న చోట విరిగిన కుర్చీ పెట్టారు. కుర్చీ ఉంటే ఆ జాగా ఎవరూ ముట్టరు. ఊరి మర్యాద. కుర్చీకున్న పాటి విలువ మా తమ్ముడు కీనన్‌కి లేకపోయింది.

పోయిన ఆగస్టులో, మా మెట్ల ముందే, మా రషాద్ కారుని కడుగుతున్న నా తమ్ముణ్ణి కాల్చేశారు. అప్పుడు నేను దూరంగా హాస్టల్లో ఉన్నాను. అంత్యక్రియలకి వచ్చి, ఇక్కడి కాలేజీకే మారిపోయాను. కాల్చింది పక్క వీధి మార్క్వెల్. అందరికీ తెలుసు, పోలీసులకి తప్ప. వాళ్లకి చెప్పే అలవాటు మా వైపు లేదు. అమ్మ కూడా చెప్పలేదు.

ఫిబ్రవరి 20

స్టాటిస్టిక్స్ క్లాసు. ఊళ్లో కాల్పుల మీద ప్రొఫెసర్ గ్రాఫ్ వేసింది. వేసవిలో కొండ, చలికాలం లోయ. పొద్దున పూట తక్కువ, సాయంత్రం నుంచి ఎగబాకుతుంది. శని, ఆదివారాలైతే చెప్పక్కర్లేదు. వెనక ఒకమ్మాయి భలే ఇంట్రెస్టింగ్‌గా ఉంది అంది. ఆ కొండ మీద మా తమ్ముడున్నాడే తల్లీ అనాలనిపించింది. నోట్సు మాత్రం జాగ్రత్తగా రాసుకున్నాను.

మార్చి 3

రషాద్ మా పెద్దమ్మ కొడుకు. కీనన్‌ని నాకన్నా వాడే ఎక్కువ ఎత్తుకు తిరిగాడు. ఇంకా ఎన్నాళ్లు అని ఇవాళ నిలదీశాను. కాలేజీ పిల్లా, కాస్త బుర్ర వాడు అన్నాడు. మార్క్వెల్ చలికి గడప దాటడట. తలుపు బద్దలుకొట్టి వెళ్తే లోపల వాళ్ల నానమ్మ ఉంటుంది, ముసలమ్మనీ లేపేయమంటావా అన్నాడు. వేడెక్కేదాకా ఆగు, పాములు వాటంతటవే బయటికొస్తాయి అన్నాడు.

గ్రాఫ్ సంగతి చెప్పాను. మంచి ఎండ కాసిన ఆదివారం సాయంత్రమైతే ఊళ్లో ఎన్నో జరుగుతాయి, అందులో ఇంకొకటి ఎవరి కంటికీ ఆనదు అని. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నీ చదువు ఇన్నాళ్లకి పనికొచ్చిందే అని నవ్వాడు.

ఏప్రిల్ 14

మళ్లీ మంచు. ఛీ.

మే 25

ఎండ. సైరన్లు. తూటా దూసుకొస్తుందని అమ్మ కిటికీ పక్కనున్న మంచాన్ని లోపలి గోడకి జరిపించింది. ఏటా ఇంతే. చలి మొదలైతే మళ్లీ కిటికీ దగ్గరికి.

ముహూర్తం చూసుకున్నట్టు రోజూ వెదర్ చూస్తున్నాను.

జూన్ 30

పక్క వీధిలో చెట్లకి కాగితాలు అంటించారు. ఈ ఆదివారం వాళ్ల బ్లాక్ పార్టీ. వీధి మూసేసి అందరూ బయటే వండుకుంటారు. పెత్తనం మార్క్వెల్ నానమ్మ మిస్ ఓటిలియాది. మనవడు మాంసం కాల్చే గ్రిల్ దగ్గర ఉండి తీరాలి.

పని పంచుకున్నాం. నేను వెళ్తాను. వాడు బయటికి రాగానే మెసేజ్ పెడతాను. మిగతాది రషాద్ పని. చాలా నెలల తర్వాత నాకు ఆకలేసింది.

జూలై 6

పొగ, పాటలు, నీళ్ల పంపు విప్పుకుని తడిసే పిల్లలు. మిస్ ఓటిలియా నన్ను గుర్తుపట్టింది. ఇలా ఎండిపోయావేంటే, మీ అమ్మ వండటం మానేసిందా అంటూ ప్లేటు నింపింది. ఈ బంగాళాదుంప సలాడ్ నేను చేసింది, ఆ గిన్నెలోది నా కోడలు చేసింది, దాని జోలికి పోకు అంది. కీనన్ మాట ఎత్తలేదు.

మార్క్వెల్ వచ్చాడు. ఫోన్ తీసి మెసేజ్ టైపు చేశాను. పంపేలోపు వాడు ఇటు తిరిగాడు. టీషర్టు మీద ఒక కుర్రాడి బొమ్మ. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. కీనన్‌కి మేమూ అలాంటివే వేయించాం, ఇంటిల్లిపాదికీ. ఈ కుర్రాడు పోయింది కిందటి జూలైలో. కీనన్ కన్నా ముందు.

ఎవరని మిస్ ఓటిలియాని అడిగాను. ఎగతాళి చేస్తున్నాననుకుందేమో, ముసలావిడ మొహం బిగుసుకుపోయింది. నిజంగానే తెలీదా అంది. జేలెన్ అట. మార్క్వెల్ తమ్ముడు. ఐస్‌క్రీం బండి దగ్గర నిలబడ్డవాణ్ణి మీ రషాదే కాల్చాడు, వేరెవడి కోసమో వచ్చి అంది. తర్వాత, నా చెయ్యి పట్టుకుని, మావాడు రషాద్ కోసమే, వాడి కారు చూసుకుని వెళ్లాడు, పక్కనున్నది ఎవరో చూసుకోలేదు, ఆ పాపం నా ఇంటిదే అంది.

ఫోన్ మోగుతూనే ఉంది. రషాద్. వచ్చాడా, ఏమైంది, తింటూ కూర్చున్నావా అని.

రాలేదు అని పెట్టాను. మార్క్వెల్ నా ఎదురుగానే మాంసం తిరగేస్తున్నాడు.

జూలై 7

పిరికిదానా, తమ్ముడి రక్తం నీకు పట్టదు అని రషాద్ అరిచాడు. జేలెన్ పేరు చెప్పాను. ఎండ కళ్లలో పడింది, సరిగ్గా కనబడలేదు అన్నాడు.

తన కోసం వస్తారని తెలుసు వాడికి. తెలిసే నీడపట్టున కూర్చుని, నా తమ్ముడితో కారు కడిగించాడు. ఆ తర్వాత నా కసిని మేపాడు, తన పని నాతో చేయించుకోవడానికి. మార్క్వెల్‌ని క్షమించాననుకుంటే పొరపాటు. నా కసి చల్లారలేదు. రెండయింది.

జూలై 13

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఇద్దరి పేర్లూ చెప్పాను.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టింది. అన్నం పెట్టిన ఇంటికే నిప్పు పెట్టావు, నువ్వూ ఒక ఆడదానివేనా అంది. అమ్మ నాకు పళ్లెం పెట్టడం మానేసింది.

జూలై 20, ఆదివారం, సాయంత్రం

బాగా వేడిగా ఉంది. మెట్ల మీద కూర్చున్నాను, నా కోసం ఎటు నుంచి వచ్చినా రానీ అని, రెండు వీధులకీ కనబడేలా.