రేవులో ఆగిన పెట్టెలు

మంగళవారం, పద్నాలుగో తేదీ

చిన్నారి చెల్లికి అక్క దీవెనలు. నీకంటే ముందు ఈ ఉత్తరం చదవబోయే సెక్యూరిటీ ఆఫీసరు గారికి నమస్కారాలు. అయ్యా, మా ఇంటి ఆడవాళ్ల ఉత్తరాలు పొడుగ్గా ఉంటాయి, టీ తెప్పించుకుని కూర్చోండి. మధ్యలో మా ఆయన గురక ప్రస్తావన వస్తుంది. అది దేశ రహస్యమేమీ కాదు, మా వీధి మొత్తానికీ తెలుసు.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నువ్వూ, మరిదిగారూ, పాపా కులాసా అని తలుస్తాను. ఫోన్ చెయ్యడం మానేశానని నిష్ఠూరమాడుతూ రాశావు. మొన్నటి విమాన ప్రమాదం తర్వాత ఎయిర్‌బేస్ కాలనీలో అందరి ఫోన్లూ గేటు దగ్గర పెట్టించుకున్నారు. ఉత్తరాలు రాసుకోవచ్చు గానీ కవరు అంటించకుండా ఆఫీసులో ఇవ్వాలి. వాళ్లు చదివి, ముద్ర వేసి, అంటించి పంపుతారు. పెళ్లైన కొత్తలో మా అత్తగారు నా ఉత్తరాలన్నీ చదివేది కాబట్టి నాకిది కొత్తేమీ కాదు. ఆవిడైతే తప్పులు కూడా దిద్దేది.

ముందు ముఖ్యమైన సంగతి. తన తోటి పైలట్ బుడ్డోడిని ఆస్పత్రిలో చూడాలని, పనిలో పనిగా డ్యూటీలో చేరిపోతానని మరిదిగారు గంతులేస్తున్నారని రాశావు. గంతులెయ్యడానికైనా కాలు సరిగ్గా ఉండాలి కదా. ఎముక అతుక్కోవడం అంటే అట్టపెట్టెకి జిగురు రాయడం కాదు. డాక్టరు ఫిట్ అని రాసిచ్చినా సరే, ఇంకో నెల అక్కడే ఉంచు. కాలు నొప్పిగా ఉందని ఆయన చెప్పకపోతే నువ్వే చెప్పు. మొగుడి నొప్పులు మొగుడికంటే బాగా చెప్పగల ఆడది మన వంశంలో నువ్వొక్కదానివే.

మీ బావ సంగతి అడిగావు. చెప్పుల ఫ్యాక్టరీ గేటుకి వేసిన తాళం ఇంకా తియ్యలేదు. మనిషి ఇంట్లో కూర్చుని నా చెప్పులన్నీ విప్పి మళ్లీ కుట్టాడు. అవయ్యాక పక్కింటివాళ్లవి అడిగి తెచ్చుకున్నాడు. పగలంతా పని లేక రాత్రి గురక రెండింతలైంది.

నువ్వు పేపరు తిరగెయ్యవు కాబట్టి చెప్తున్నాను, ఇదంతా పేపర్లో వచ్చిందే. మనకు యుద్ధవిమానాలు అమ్మిన మిత్రదేశం ఉంది కదా. నిరుడు వాళ్ల ఇనుము మీద మనవాళ్లు సుంకం వేశారు. వాళ్లు మన చెప్పుల మీద వేశారు. అక్కడే మీ బావ ఉద్యోగం గాల్లో దీపమైంది. మనవాళ్లకు రోషం వచ్చి, ఈసారి విమానాలు ఇంకో మిత్రుడి దగ్గర కొంటామని ప్రకటించారు. దానికి పాత మిత్రులు అలిగి, పాత విమానాలకు పంపాల్సిన విడిభాగాలను ఒక్కొక్కటీ పరిశీలించాకే ఓడ ఎక్కిస్తామన్నారు. ఆ పరిశీలన ఇప్పటికీ అవుతూనే ఉంది, పెట్టెలు వాళ్ల రేవులోనే ఉన్నాయి. స్నేహం మాత్రం చెక్కుచెదరలేదని ఇద్దరు మంత్రులూ వారానికోసారి చెప్తున్నారు. మా కాపురం బాగుందని అన్నిసార్లు చెప్పుకునే మొగుడూపెళ్లాల్ని నేనెక్కడా చూడలేదు.

పెట్టెలు ఆగినప్పటి నుంచి బేస్‌లో నేను పనిచేసే షెడ్డులో మూలన ఉన్న ఒక ముసలి విమానానికి అన్నదాత అని పేరొచ్చింది. ఏ విమానానికి ఏది కావాలన్నా దానిలోంచి పీకి తగిలిస్తున్నారు. చక్రాలు పోయాయి, రెక్కల్లో సరంజామా పోయింది, ఇప్పుడు దిమ్మల మీద డొల్లగా కూర్చుని ఉంది. దీని ఫోటో కూడా పేపర్లో వేశారు, ఆఫీసరు గారు కంగారు పడనక్కర్లేదు. పోయిన సోమవారం రెండో అన్నదాతని కూడా ఎంచారు. నెల కిందటి దాకా అది ఎగిరిన విమానం.

ఇప్పుడు రాజీ కుదిరిందట. మనం వాళ్ల కొత్త విమానాలే కొంటాం, వాళ్లు మన చెప్పుల మీద సుంకం తగ్గిస్తారు. వచ్చే వారం బుధవారం వాళ్ల మంత్రి మా బేస్‌కే వచ్చి సంతకం చేస్తాడు. ఆయన నెత్తి మీదుగా మన పాత విమానాలు బారులు తీరి ఎగరాలి. మీరు అమ్మినవాటిని ఎంత పదిలంగా చూసుకుంటున్నామో చూడండి అని చూపించడానికట. సంతకం పడితే ఫ్యాక్టరీ తెరుస్తారని మీ బావ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ భోజనం చేస్తున్నాడు.

ఇక బుడ్డోడు. బేస్‌లో పైలట్లందరిలోకీ చిన్నవాడని ఆ పేరే గానీ, తల వంచకుండా మా గుమ్మం దాటలేడు. తన వంతు రిహార్సల్ వాడు ఎగరాల్సి వచ్చిందని మరిదిగారు కుమిలిపోతున్నారని రాశావు. ఆయన కాలు ఆయన కావాలని విరగ్గొట్టుకోలేదు కదా. గాల్లోకి లేవగానే పక్షి తగిలి ఇంజను ఆగిందని, పైలట్ బయటపడ్డాడని, కాలిన గాయాలకు వైద్యం జరుగుతోందని రేడియోలో మీరూ వినే ఉంటారు.

వాళ్లమ్మ వచ్చింది. టైలరు, మొగుడు లేడు, ఒక్కడే కొడుకు. రోజంతా ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుంటోంది. గాయాలకు చీము పడుతుందని లోపలికి ఎవరినీ వదలడం లేదు, తలుపు దగ్గర ఒక సిపాయి నిలబడి ఉంటాడు. షిఫ్టు దిగాక నేను కారియర్ పట్టుకెళ్లి ఇచ్చి, కాసేపు కూర్చుని వస్తున్నాను. కాలిన ఒంటికి గరుకు తగలకూడదని మెత్తటి గుడ్డతో వాడికి చొక్కా కుడుతోంది. పనిలో ఉన్నంతసేపూ ఏడవదు. కాబట్టి మరిదిగారు ఇంత దూరం పడివచ్చినా ఆ బల్ల మీద ఆవిడ పక్కన కూర్చోవడమే తప్ప చూసేదేమీ లేదు. వద్దని గట్టిగా చెప్పు. అక్క కోప్పడిందని చెప్పు.

పాపకి పళ్లు వస్తున్నాయంటే నవ్వొచ్చింది, ఇక నీ చేతులు జాగ్రత్త. ఇవాళ్టికి ఇంతే. ఆఫీసరు గారి టీ కూడా చల్లారిపోయి ఉంటుంది.

మీ మంచి కోరే
అక్క

తా.క.: ఇది ఆఫీసరు చూడని కాగితం. పైదంతా చదివి, గురక దగ్గర నవ్వి, ముద్ర వేసి, జిగురు అయిపోయిందమ్మా, బయట నువ్వే అంటించుకో అన్నాడు. మంచివాడే పాపం. పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. నువ్వు కూర్చుని చదువు.

ఆస్పత్రిలో బుడ్డోడు లేడు. ఆ గదిలో ఎవరూ లేరు. వాడు ఆ రోజే పోయాడు.

నేను విమాన సీట్ల వర్క్‌షాపులో ఏం చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. విమానం పడిపోతుంటే పైలట్ హ్యాండిల్ లాగుతాడు. సీటు కింద మందుగుండు పేలి, సీటుతో సహా మనిషిని బయటికి విసిరేస్తుంది. ఆ మందుగుండు గొట్టాన్ని మేం టపాకాయ అంటాం. మందుబిళ్లల్లాగే దానికీ గడువు ఉంటుంది. మన విమానాల్లో ఉన్నవాటికి ఎప్పుడో దాటిపోయింది. కొత్తవి ఆ రేవులో పెట్టెల్లో ఉన్నాయి. అన్నదాతలోవి ఇంకా పాతవి. గడువు పొడిగించామని పైనుంచి ఆర్డరొచ్చింది, పాత తేదీ మీద కొత్త తేదీ చీటీలు పడ్డాయి. ఒప్పుకోనన్న మా పెద్ద మేస్త్రీని మర్నాడే వేరే బేస్‌కి పంపేశారు. మిగిలినవాళ్లం నోళ్లు మూసుకున్నాం, నాతో సహా.

కూలిన చోటికి సీటు చూడమని నన్నే తీసుకెళ్లారు. హ్యాండిల్ లాగి ఉంది చెల్లీ. పూర్తిగా బయటికి వచ్చేదాకా లాగాడు. సీటు మాత్రం ఉన్నచోటే ఉంది. 

ఇది బయటపడితే మీరు పెట్టెలు ఆపినందుకే చచ్చాడని మనవాళ్లనాలి, గడువు దాటినవి మీరెందుకు వాడారని వాళ్లనాలి. సంతకం ఆగిపోతుంది. అందుకని సంతకం అయ్యేదాకా వాడు బతికే ఉండాలట. తర్వాత వైద్యం ఫలించక పోయాడని రేడియోలో చెప్తారు. మా షాపు ఆఫీసరు ఈ మాట నాతో సెలవుల పట్టిక చదివినట్టు చెప్పాడు.

బుడ్డోడి అమ్మకు అనుమానం మొదలైంది. నర్సులు ఆ గదిలోకి ఒక్కసారైనా ట్రే పట్టుకెళ్లడం చూడలేదే అంది. నేను బొంకాను. నిన్న చొక్కా భుజాల దగ్గర ఆగిపోయి, బాగా చిక్కిపోయాడా, కొలత ఎంత పెట్టమంటావు అని అడిగింది. ఏం చెప్పాలో తోచక మరిదిగారి కొలత చెప్పాను. చెప్పాక నాకు బోర్డు గుర్తొచ్చింది. బుధవారం ఎవరెవరు ఎగరాలో రాసిన ఆ బోర్డు మీద బుడ్డోడి పేరు తుడిచి, ఆ చోట మీ ఆయన పేరు అప్పటికే రాసి ఉంది. ఫిట్ సర్టిఫికెట్ రావడమే తరువాయి. ఆయన విమానంలో ఉన్నవీ ఆ టపాకాయలే.

నిజం తెలిస్తే ఆయన కోపంతో బయల్దేరతారు. తెలియకపోతే ప్రేమతో బయల్దేరతారు. రెండింటికీ నా దగ్గర మందు లేదు. బుధవారం దాటేదాకా ఎలా ఆపుతావో నువ్వే ఆలోచించుకో. తలుపుకి తాళం పెట్టి తాళంచెవి మింగినా నేనేమీ అనను.

ఆయన ఒక్కరే కాదు, ఆ రోజు ఎగరబోయేవాళ్లందరూ మా సీట్లలోనే కూర్చుంటారు. అందుకని ఆవిడకు చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాను. కన్నతల్లికి తెలిశాక ఇక దాచడం ఎవరి తరమూ కాదు. రాత్రి మీ బావకి అంతా చెప్పాను. సంతకం పడకపోతే ఫ్యాక్టరీ తెరవరని కూడా చెప్పాను, తనకి తెలియదన్నట్టు. గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఆవిడ పడిపోతే నువ్వొక్కదానివీ పట్టుకోలేవు, నేనూ వస్తాను" అన్నాడు. ఆ రాత్రి ఆయన గురక వినపడలేదు.

రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్తున్నాం. ఈ ఉత్తరం నీకు అందేసరికి చెప్పేసి ఉంటాం. తర్వాత మమ్మల్ని ఏం చేస్తారో తెలియదు. నా దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం రాకపోతే వెతుక్కుంటూ రావద్దు. వేరే చేతిరాతతో నేను బాగున్నానని వస్తే అస్సలు నమ్మవద్దు.