రూఫ్ వేసే ఫింటన్‌కి టీ

ఏవండీ,

డ్యూటీకి వెళ్తున్నాను. మీరు లేచేసరికి రూఫ్ వేసే ఫింటన్ వచ్చేస్తాడు. వెనకవైపు కప్పుకి స్లేటు పెంకులు ఇంకా వెయ్యలేదు, టార్పాలిన్ ఒక్కటే ఉంది. మంచు బరువుకి అది కుంగితే లోపల్నుంచి చీపురుకర్రతో పొడవకండి, చిరుగుతుంది. అతనే దులుపుతాడు. అటక మీద బకెట్ నిండితే పారబొయ్యండి. ప్రెయిస్ బాబుని నిచ్చెన దగ్గరికి పోనివ్వకండి.

అతనికి టీ మాత్రం వంటింటి అల్మరాలో ఉన్న మన పూల మగ్‌లో ఇవ్వండి. నిన్న నేను అంచు విరిగిన మగ్‌లో పోసి, బయట గోడ మీద పెట్టి, "ఇది మీకే, ఇక్కడే ఉంచెయ్యండి" అన్నాను. కోవిడ్ వార్డులో పనిచేస్తున్నదాన్ని కదా, దూరంగా ఉండటం అతని మంచికే అనుకున్నాను. దానికి విరిగిన మగ్ ఎందుకు? అతను "గ్రాండ్, పర్లేదు" అని నవ్వాడు. మీరు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

రోజీ

తా.క. నిన్న తాగాక అతను ఆ మగ్‌ని మంచుతో రుద్ది, గోడ మీద బోర్లించి వెళ్ళాడు. మా ఊరి టీ హోటల్లో, మా పేటవాళ్ళకని విడిగా పెట్టిన గ్లాసుని మా నాన్న అలాగే కడిగి బోర్లించేవాడు.