ఇద్దరి పేర్లూ రాసిన పుస్తకం

కల్లూరు, ఆదివారం రాత్రి

నా భార్య సుజాత పోయాక మంచం దిగని నన్ను లేపి నడిపించింది కొర్రలు తినండి, రోజూ నడవండి అని ఊరూరా చెప్పే ఒక పెద్దాయన రాసిన పుస్తకమే. పొద్దున్నే నడక, మధ్యాహ్నం కొర్రన్నం. షుగర్ తగ్గింది. నిద్ర కూడా కాస్త పడుతోంది. ఈరోజు ఆయన కర్నూలు వచ్చారని తెలిసి, మీ వల్లే బతికానని ఒక్క మాట చెప్పి రావాలని, ఆ పుస్తకం పట్టుకుని వెళ్లాను.

సంతకాల వరుసలో నా వంతు వచ్చింది. ఆయనది బద్వేలు వైపు మాట.

"ఏమప్పా, కొర్రలు మీ ఇంటామె వండుతాందా?"

"లేదు సార్, నేనే."

"భలే! ఆమెకు సెలవు ఇచ్చినావన్నమాట! ఆమె గూడా నడుస్తాందా మరి?"

వెనకవాళ్లందరూ నవ్వారు. పోయిందని చెప్పబోయాను. నా నోట వచ్చింది మాత్రం వేరే.

"నడుస్తాంది సార్."

ఆయన చాలా సంతోషపడ్డారు. ఆమె పేరు అడిగి, నా పేరు పక్కనే రాసి, కింద సంతకం పెట్టారు. "ఇద్దరూ నూరేండ్లు నడవండప్పా" అన్నారు.

చెప్పాలనుకున్న మాట చెప్పనేలేదు. బయటికొచ్చి ఆటో ఎక్కబోతూ ఆగాను. వెనక్కి వెళ్లి నిజం చెబుదామనిపించింది.

చెబితే ఆమె పేరు కొట్టేస్తారేమోనని వెళ్లలేదు.