పుట్టగొడుగు, కుక్కగొడుగు

తిరువొత్తియూరు,
బుధవారం.

అక్కకు,

నువ్వు, బావ, పాప, నాన్న అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను.

ఈ ఉదయం స్నానాలగది తలుపు కింద, నానిన చెక్క మీద, రెండు తెల్లటి గొడుగులు లేచి ఉన్నాయి. నిన్న లేవు. వారంగా ముసురు, ఉతికిన బట్టలు ఆరడం లేదు. వంగి చూస్తుంటే ఇంటావిడ రాజేశ్వరమ్మగారు వచ్చారు. వాళ్లు తాతల కాలం నుంచి ఇక్కడి తెలుగువాళ్లు.

"ఏం పాపా, కూర చేస్తావా? అది నాయికుడై, తాకబాక. తినేది కావాలంటే ఆడ అంగట్లో డబ్బాలో అమ్ముతారు."

తమిళంలోనూ అది కుక్కగొడుగే.

తిండి గురించి బెంగపెట్టుకోకు. ఇక్కడి సాంబారు అలవాటైంది. ఆఫీసులో నాతో మాట్లాడేవాళ్లు తక్కువ, దానికీ అలవాటుపడ్డాను. పిల్లల కోసం మాటల పుస్తకం చేస్తున్నాం, తెలుగు మాటలు నా వంతు. ఈ వారం నాకు వచ్చింది పుట్టగొడుగు. మూడు రోజులుగా రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. చెదపుట్ట మీద లేచేది పుట్టగొడుగు, ఎక్కడ పుట్టిందో పేరే చెబుతుంది. కుక్కతులసిలో లాగే కుక్కగొడుగులోనూ కుక్క అంటే మనుషులకు పనికిరానిదని. మన గొడుగు, వీళ్ల కుడై ఒకే మూలం నుంచి వచ్చాయట.

పుస్తకాల కంటే ముందు ఇది మనకు కొండమ్మ చెప్పింది. అమ్మడానికి తెచ్చిన గంప వాకిట్లో దించి ఒక్కొక్కటీ తిరగేసి చూపేది. "గొడుగు కాదు తల్లీ, వేరు చూడు. పుట్టమన్ను అంటుకునుంటేనే తీసుకో. లేదంటే నా మొహాన కొట్టు."

ఈ వానలకు ఆమె మళ్లీ మన వీధికి వచ్చిందనీ, అమ్మను చంపిన చేతులంటూ నాన్న ఆ గంపను తన్నేశారనీ మొన్న ఫోనులో చెప్పావు. మంచిపని అయిందన్నావు. పదకొండేళ్లుగా ఊళ్లో ఎవరూ ఆమె దగ్గర కొనడం లేదు. నేను ఊఁ అని పెట్టేశాను.

అందుకే ఈ ఉత్తరం. నాన్నకు మొత్తం చదివి వినిపించు. తర్వాత కొండమ్మ ఇంటికి వెళ్లు. పాపకు ముద్దులు. నాన్న పాదాలకు నమస్కారాలు. దీవించమని అడిగే ధైర్యం ఈసారి లేదు.

మన ఇంట్లో అవి తినేది అమ్మ ఒక్కతే. ఆమెకు ఇష్టమని, ఆ సాయంత్రం బడి వెనక గోడ వారన లేచినవి గుప్పెడు తుంచుకొచ్చి, కొండమ్మ ఇచ్చిన వాటిలో కలిపింది నేను.

నీ చెల్లెలు,
సుధ