మూసీకి కొట్టించిన నీలం

భూపతీ,

అన్నం గంజుల ఉన్నది. పప్పు వేడి జేస్కొని తిను.

బొమ్మకు ధర కట్టే ఆయన హైద్రాబాద్ నుంచి పొద్దుగాల్నే వచ్చిండు. మన బాపు నూనెరంగులతోటి ఏసిన మూసీని భూతద్దం పెట్టి సూసి, "దీనికి దర్వాజల రంగు ఎవరు పూసిన్రమ్మా?" అన్నడు. నా తల కొట్టేసినట్టయింది. మెరిస్తె ఎక్కువకు పోతదని దుకాణాల బోర్డులు రాసేటోనితోటి నది మొత్తం నీలం కొట్టించినవు గద! ఇగ ఫ్రేముకే ధర అని చెప్పి పోయిండు.

ఆ ఫ్రేము నీ మంచం మీద పెట్టిన, అమ్ముకో. బొమ్మ నేను తీస్కపోతున్న. ఆ నీలం తీసేటోల్లు పట్నంల ఉంటరేమో అడుగుత. నా ఎంబడి రాకు.

– కన్యకక్క

ఒడ్డు కాడ మరక ఉన్నదని దాని మీద గూడ కొట్టించినవు. అది మరక గాదురా. బాపు భుజాల మీద కూసున్న నువ్వు.