ఐదో మనిషి

అమ్మకు,

క్రీస్తు ప్రభువు నామంలో వందనాలు. ఈ పరాయి దేశంలో మేమిద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, చెల్లి నవీన పరీక్షలు బాగా రాస్తోందనీ అనుకుంటున్నాను. నువ్వు పంపిన కందిపొడి అందింది. ఆయన దాన్ని బ్రెడ్డు మీద కూడా చల్లుకుని తింటున్నారు.

నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. పూజలో ముందు వరుసలో కూర్చుంటున్నారా అన్నది మొదటిది. మంగళవారం పగలు అన్నిసార్లు ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తలేదన్నది రెండోది. రెండోదానికి జవాబు ఫోన్‌లో చెప్పలేను. నీ గొంతు వింటే నా గొంతు పోతుంది. అందుకే ఈ ఉత్తరం.

మొదటిది చెబుతాను. ముందు వరుసలో కాదు, చివరి వరుసలో, తలుపు పక్కన. అది మా ఊరి ఫైర్ స్టేషన్ వాళ్ళ వరుస. ఈ స్టేషన్‌లో రోజంతా కూర్చునే ఉద్యోగులెవరూ లేరని నీకు ఇదివరకే రాశాను. ప్లంబింగ్ పని చేసే డెనిస్ దానికి పెద్ద. మాంసం కొట్టు మైక్, నర్సింగ్ హోంలో ముసలివాళ్ళను చూసుకునే నీ అల్లుడు, ఇంకా కొందరు. అందరి నడుముకూ ఒక చిన్న పెట్టె ఉంటుంది. అది కూసిందంటే చేతిలో పని వదిలేసి పరుగెత్తాలి. నేను పనిచేసే లైబ్రరీకి వచ్చే నోరా అనే పెద్దావిడ చెప్పింది, వాళ్ళ నాన్న రోజుల్లో నీళ్ళ పంపును బండి మీద పెట్టి మనుషులే లాక్కెళ్ళేవారట. ఆ తర్వాత సైరన్ వచ్చింది. పూజ మధ్యలో సైరన్ మోగితే ఫాదర్ ప్రసంగం ఆపి, వాళ్ళు బయటికి వెళ్ళేదాకా నిలబడేవారట. సైరన్ పోయింది గానీ ఆ వరుస వాళ్ళదిగానే ఉండిపోయింది.

ఆ పెట్టె కూసిన ప్రతిసారీ నేనెలా ఉండేదాన్నో నీకెప్పుడూ రాయలేదు. ఆయన సగం తిన్న కంచం అలాగే ఉంచేదాన్ని. దాన్ని కడిగేస్తే ఆయన తిరిగి రారేమోనని భయం. నవ్వకు.

జనవరిలో ఒక పగలు, లైబ్రరీ కిటికీలోంచి చూస్తుండగా ఎదురుగా స్టేషన్ తలుపు తెరుచుకుంది. ఐదుగురు ఉంటేగాని బండి కదలకూడదు. నలుగురే వచ్చారు. మిగతావాళ్ళు పగలు ట్రాలీ అనే పక్క పట్నానికి పనికి వెళ్తారు. ఆయన హెల్మెట్ పెట్టుకుని, బండి మెట్టు మీద నిలబడి, రోడ్డుకు అటూ ఇటూ చూస్తున్నారు. ఎవరూ రాలేదు. చివరికి ట్రాలీ నుంచి బండి వచ్చింది. కాలింది నోరా ఇల్లు. ఆవిడను బతికుండగానే బయటికి తెచ్చారు. కానీ పొగకు గొంతు పాడైంది. ఇప్పటికీ ఆసుపత్రిలో పలక మీద రాసి మాట్లాడుతోంది.

ఆ నలుగురూ చూసిన రోడ్డులోనే నేనున్నాను, అమ్మా. కిటికీ వెనక.

మర్నాడు డెనిస్ దగ్గరికి వెళ్ళాను. నాకు పొగంటే భయమనీ, ఎత్తంటే భయమనీ, కొత్తవాళ్ళతో మాట్లాడటమన్నా భయమేననీ ముందే చెప్పేశాను.

"లైబ్రరీ నుంచి ఇక్కడికి ఎంతసేపు?" అన్నాడు.

"రోడ్డు దాటడమే."

"గ్రాండ్, ఇంకేం కావాలి. మైక్ షూ లేసు కట్టుకునేలోపు సగం ఊరు కాలిపోతుంది. నువ్వు రా."

ఇంట్లో ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కే మనిషివి. నీకెందుకే ఇది?"

"ఎక్కితే ఎక్కాను. ఐదో మనిషి కావాలా వద్దా, అది చెప్పండి."

నడుముకున్న పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, "మీ అమ్మకు ఎవరు చెప్తారు?" అన్నారు.

"మీరే చెప్పండి."

"మంటలోకైనా పోతాగానీ, ఆ పని నా వల్ల కాదు."

ట్రైనింగ్‌కి వెళ్తున్నానని రాశాను కదా. అది లైబ్రరీ ట్రైనింగ్ కాదు.

ఇప్పుడు మంగళవారం సంగతి. ఊరికి అవతల ఒక రైతు ఇల్లు అంటుకుంది. పెద్దాయన లోపలే ఉన్నాడని పొరుగువాళ్ళు చెప్పారు. నీ అల్లుడూ, మైకూ గాలి సిలిండర్లు తగిలించుకున్నారు. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ తమ పేరున్న బిళ్ళ తీసి, గుమ్మం బయట బోర్డు పట్టుకున్న మనిషికి ఇవ్వాలి. ఎవరికి ఎంత గాలి మిగిలిందో ఆ మనిషి చూస్తుండాలి. ఏం జరిగినా అక్కడి నుంచి కదలకూడదు. ఆ రోజు బోర్డు నా చేతికిచ్చారు. ఆయన తన బిళ్ళ నాకిచ్చి పొగలోకి వెళ్ళిపోయారు.

గాలి తగ్గుతోంది. రేడియోలో వాళ్ళ మాట ఆగిపోయింది. పిలవడం నా పని. పెళ్ళినాడు నువ్వు చెప్పిన మాట ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు, ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. రేడియో నొక్కి, "ఏమండీ" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ "ఏమండీ" అన్నాను.

డెనిస్ వెనక్కి తిరిగాడు. "ఎవర్ని పిలుస్తున్నావు? అక్కడ ఇద్దరున్నారు. పేరు పెట్టి పిలువు, అమ్మాయ్."

లోపల ఎక్కడో ఈల మోగడం మొదలైంది. సిలిండర్‌లో గాలి చివరికి వస్తే మోగే ఈల అది. ఎవరిదో తెలియలేదు. నోరు తెరిచాను, మాట రాలేదు. కాన్వెంటులో సిస్టర్ బోర్డు దగ్గర నిలబెట్టినప్పుడు కూడా నాకు ఇలాగే అయ్యేది, గుర్తుందా.

"మోజెస్," అని అరిచాను.

అంత గట్టిగా నేనెప్పుడూ, ఏదీ అనలేదు. పక్క పొలంలో ఆవులు తలలెత్తి చూశాయి.

కాసేపటికి రేడియోలో, "వస్తున్నాం. మనిషి దొరికాడు," అని వినపడింది. దగ్గు మధ్యలో వచ్చినా ఆయన గొంతే. పెద్దాయన్ని చెరోపక్కా పట్టుకుని వచ్చారు. ఈల మోగింది నీ అల్లుడి సిలిండర్‌దే. ఆయన మాస్కు తీసి, బిళ్ళ కోసం చెయ్యి చాపారు. మొహమంతా మసి.

"నా పేరు నీకు తెలుసన్నమాట," అన్నారు.

బిళ్ళ ఇవ్వబోతే జారి కింద పడింది. ఇద్దరం ఒకేసారి వంగాం.

నువ్వు చేసిన ఫోన్ అప్పుడు లైబ్రరీ బల్ల మీద మోగుతూ ఉంది.

నా భయం పోలేదు, అమ్మా. ఇప్పుడు మా ఇంట్లో పెట్టెలు రెండు. అవి ఒకేసారి కూస్తాయి. మానేయమని నువ్వు రాస్తావని తెలుసు. రాయి, చదువుతాను. కానీ మానను. కిటికీ వెనక నిలబడటం కంటే బోర్డు పట్టుకోవడమే నయం.

ఒక్క పని చెయ్యి. ఈ ఆదివారం పూజలో, క్షేమం కోసం చేసే ప్రార్థనల్లో, మన ఫాదర్‌గారి చేత నీ అల్లుడి పేరు చదివించు. నువ్వు ఎప్పటిలా ముందు వరుసలో కూర్చో. ఫాదర్‌గారు మెల్లగా చదివితే, గట్టిగా చదవమని అడుగు.

ఇట్లు,
చివరి వరుసలో కూర్చునే నీ పెద్దమ్మాయి,
అబిగేయిల్