ఏడో నంబరు సీసా

8 మార్చి 1976, సోమవారం

కూకట్‌పల్లి అవతల ఒక ఊరికి డ్యూటీ. నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో చేరాక ఇదే నా మొదటి ఫీల్డ్ వర్క్. పైన రంగుల ఫ్యాక్టరీ, కింద మాదిగవాడ, మధ్యలో ఎర్రగా పారే కాలువ. వాడ బావి చెడిందని తేలితే నలభై ఇళ్ళకి సర్కారు బోరు వేయిస్తుంది. తేలకపోతే ఫైలు మూత.

ఊళ్ళో ఆరు శాంపిల్ సీసాలు మా ఆఫీసరు కామేశ్వరరావుగారు దగ్గరుండి నింపించారు. ఆరోది పటేలు బావిది. వాడ దగ్గర మాత్రం జీపు దిగలేదు. దిగితే ఇంటికెళ్ళి మళ్ళీ తలస్నానమట! ఏడో సీసా వాడ మనిషి సాయిలుకి నా చేత ఇప్పించారు. నింపుకు రమ్మన్నాను. నేనూ దిగలేదు. ఎండ అనుకున్నాను.

అతను గంటకి వచ్చాడు. ఇంత ఆలస్యమా అని ఆఫీసరుగారు కసిరారు. ఫారంలో 'స్వయంగా తీసినది' అన్నచోట సంతకం నాది.

11 మార్చి

ఏడో నంబరు పోటబుల్, అంటే తాగొచ్చట! హార్డ్‌నెస్‌తో సహా ఆరో నంబరుకి అచ్చుగుద్దినట్టుంది. ఆ కాలువ పక్కన బావికా? కామేశ్వరరావుగారిని అడిగితే, జనం బాగున్నారంటే సంతోషించాలి గానీ ఏడుస్తావేమ్మా అన్నారు.

14 మార్చి, ఆదివారం

ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. సాయిలు భార్య నీలమ్మ ఒళ్ళో పాప, ఒంటినిండా పుళ్ళు. తాగేదీ పోసేదీ ఆ బావి నీళ్ళే.

సీసా ఎక్కడ నింపావని సాయిలుని అడిగాను. గా గలీజు నీళ్ళు పెద్దసార్లకెట్ల ఇస్తమమ్మా, ఇజ్జత్ పోదా అన్నాడు. పటేలు బావి గట్టు వీళ్ళు ఎక్కకూడదు. జీతగాణ్ణి బతిమాలితే పైనుంచి పోసిండు, గందుకే జర లేటయింది అన్నాడు.

నీలమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. నీ మర్యాద మంట్ల బెట్ట, బిడ్డకు పోసే నీళ్ళు చూపెట్టనీకి సిగ్గయిందా అని. ఆ తిట్లు నాకు తగలాలి. ఆ నీళ్ళు దేనికో చెప్పాల్సింది నేను. హోటల్లో సర్వర్‌కి చెప్పినట్టు నింపుకురా అన్నాను, అంతే.

ఈసారి నేనే తోడాను. డికాక్షన్ రంగులో ఉన్నాయి.

15 మార్చి, మధ్యాహ్నం 3

ఆదివారం తీసింది అఫీషియల్ శాంపిల్ కాదట. రిపోర్టు వెళ్ళిపోయిందట. సంతకం నీదే కదమ్మా, ఉద్యోగం పోతే మీ చెల్లెలి చదువేం కాను అని కామేశ్వరరావుగారు ఎంతో ప్రేమగా అడిగారు. ఇంత ప్రేమగా బెదిరించడం ఎక్కడ నేర్పుతారో! ఆయన మొహాన ఆ ఫైలు విసిరికొట్టాలనిపించింది. సరే సార్ అని వచ్చేశాను. ఛీ.

16 మార్చి

అన్నం సయించలేదు.

19 మార్చి

డైరెక్టర్‌గారికి రాసిచ్చాను. నేను జీపు దిగలేదు. ఏడో నంబరు నీళ్ళు వాడ బావివి కావు. నా సంతకం అబద్ధం. మళ్ళీ తీయించండి.

ధైర్యంతో కాదు, ఒళ్ళు మంటతో రాశాను.

29 మార్చి

సస్పెన్షన్ ఆర్డరు. ఒక్క నాకే.

2 ఏప్రిల్

పొద్దున సాయిలు వెతుక్కుంటూ వచ్చాడు. నిన్న మళ్ళీ జీపొచ్చింది, మళ్ళీ సీసా చేతికిచ్చి నింపుకు రమ్మన్నారట. నీలమ్మ ముట్టుకోనివ్వలేదట. జీపు ముందు అడ్డంగా కూర్చుందట, మీరే దిగి తోడుకోండ్రి సారూ, అప్పటిదాంక లేవ అని.

రెండు గంటలు.

కామేశ్వరరావుగారు దిగారట.